తోలు మీద ఏనుగు: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో చిన్న చిన్న తోలు వస్తువులు చేస్తుంటాను. కీచైన్లు, టీ కప్పు కింద పెట్టే బిళ్లలు, కార్డులు పెట్టుకునే పర్సులు. వాటి మీద చెక్కేవి ఎక్కువగా మన చుట్టుపక్కల రాళ్ల మీద కనిపించే జంతువులే: రామప్ప గుడి గోడల కింది వరసలో నడిచే ఏనుగులు, వేయిస్తంభాల గుడి నంది, ఓరుగల్లు కోట తోరణాల మీది హంసలు. కొనడానికి వచ్చేవాళ్లూ నేర్చుకుందామని వచ్చేవాళ్లూ అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి అవే. అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: వెజ్ ట్యాన్ అంటే శాకాహార తోలు

నేను వాడే తోలును వెజ్ ట్యాన్ అంటారు. నవ్వకండి, ఇది చాలామందికి ఉన్న అనుమానమే. ఒకామె "గిది మాంసం తిననోళ్లకు స్పెషలా?" అని అడిగింది. కాదమ్మా, ఇదీ గేదెదో ఆవుదో మేకదో, జంతువు తోలే. 'వెజ్' అన్నది దాన్ని పదును చేసిన, అంటే పచ్చితోలును కుళ్లకుండా తయారు చేసిన పద్ధతికి పేరు. చెట్ల బెరడులో, కాయల్లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అది పచ్చితోలులోకి దిగితే తోలు కుళ్లదు, గట్టిపడుతుంది. మన దేశంలో దీనికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నవి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. అవును, బతుకమ్మలో పేర్చే పూల తంగేడే.

అపోహ: ఏ తోలైనా ఒకటే, పాత హ్యాండ్‌బ్యాగు కోసి ఇస్తా, దాని మీద నెమలి వెయ్యి

బజార్లో దొరికే బ్యాగులు, బూట్ల పైతోలు చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేసినవి. మెత్తగా ఉంటాయి, వానకు తట్టుకుంటాయి. కానీ స్టాంపు (సుత్తితో కొట్టి గుర్తు వేసే లోహపు పనిముట్టు) కొడితే గుర్తు నిలవదు, మెత్తలాగా పైకి లేచిపోతుంది. చెట్ల పదును తోలు నీళ్లు తాగుతుంది, నొక్కినచోట అణుగుతుంది, ఆరాక అలాగే బిగుసుకుంటుంది. తేడా తెలుసుకోవడానికి యంత్రాలేం అక్కర్లేదు. ఒక నీటి చుక్క వేయండి. పీల్చుకుని ముదురు రంగుకు తిరిగితే, అక్కడ గోటితో నొక్కితే గీత ఉండిపోతే, అది మన పనికి వచ్చే తోలు. రంగు వేయని క్రోమ్ తోలైతే కోసిన అంచులో నీలి బూడిద రంగు కనిపిస్తుంది.

అపోహ: బాగా నానబెడితే బొమ్మ బాగా పడుతుంది

చెడిపోయే ముక్కల్లో సగం ఇక్కడే చెడిపోతాయి. మన భాషలో తోలును తయారు చేయడమూ పదునే, కత్తికి ఉండాల్సిందీ పదునే, వాన తర్వాత చేనుకు రావాల్సిందీ పదునే. మూడోది తెలిసిన రైతుబిడ్డకు ఈ పని సగం వచ్చినట్టే. వాన వెలిసిన వెంటనే నల్లరేగడిలో ఎవరూ నాగలి దించరు, అలాగని ఎండి బిగిసేదాకా ఆగరు.

తోలు కూడా అంతే. స్పాంజితో రెండు వైపులా తడిపి పక్కన పెట్టండి. ముదిరిన రంగు మెల్లగా మొదటి రంగుకు తిరగడం మొదలవుతుంది. చూపుకు ఆరినట్టే ఉంటుంది, చెంపకు ఆనిస్తే మాత్రం చల్లగా తగులుతుంది. అదీ పదును. అప్పుడు కొట్టిన స్టాంపు కింద తోలు గోధుమరంగుకు తిరిగి నిగనిగలాడుతుంది. తడి ఎక్కువైతే అంచులు మెత్తబడి బొమ్మ అలికినట్టవుతుంది. తక్కువైతే కత్తి లాగుతుంది, గుర్తు పాలిపోతుంది.

మే నెలలో మా దగ్గర ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా. ఫ్యాన్ కింద కూర్చుంటే ఏనుగు తొండం పూర్తయ్యేలోపు కాళ్ల దగ్గర తోలు ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపి చెమటలు కక్కుతూ కొట్టాల్సిందే. పని చేయని భాగం మీద పాలిథిన్ కవరు కప్పుతాను. పని అయ్యాక కూడా నీడలోనే ఆరాలి. ఎండలో పెడితే పెళుసెక్కుతుంది. ముందురోజు రాత్రి తడిపి కవర్లో మూసి పెడితే తడి లోపలిదాకా సమంగా పాకుతుంది, కానీ వానాకాలంలో దాన్ని మర్చిపోకూడదు. ఒకసారి ఊరెళ్లి మూడో రోజు వచ్చి చూస్తే ఇరవై బిళ్లల మీద తెల్లటి బూజు. ఎవర్ని తిట్టాలో తెలియక నన్నే తిట్టుకున్నా.

తడితో ఇంకో చిక్కు ఉంది. మేకులు అరగదీసి స్టాంపులు చేసుకుంటే డబ్బు మిగులుతుందని చాలామంది అంటారు. చేసుకోవచ్చు, కానీ పూత లేని ఇనుము తడి తోలుకు తగిలితే నల్ల మచ్చ పడుతుంది. ఇనుము, టానిన్ కలిస్తే పుట్టే నలుపు అది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్ల గీత వచ్చేదీ ఇలాగే. అక్కడ అది కళ, ఇక్కడ కొంప ముంచుతుంది. మెరుగుపూత వేసినవో స్టెయిన్‌లెస్‌వో వాడండి. కత్తి నూరిన చేతులతో తోలు ముట్టకండి.

అపోహ: పెద్ద సుత్తితో గట్టిగా కొడితే బొమ్మ పైకి లేస్తుంది

"అన్నా, జోరుగ కొడితె జల్ది అయితది కదా?" అని ప్రతి కొత్త కుర్రాడూ అడుగుతాడు. తమ్మీ, బొమ్మ ఎక్కడికీ లేవదు. చుట్టుపక్కల తోలు అణుగుతుంది, అందుకే మధ్యలోది లేచినట్టు కనిపిస్తుంది. ముందు స్వివెల్ కత్తితో, అంటే వేళ్ల మధ్య తిప్పుతూ కోసే చిన్న కత్తితో గీత కోస్తాం, తోలు మందంలో మూడో వంతు నుంచి సగం లోపు. మూడు మిల్లీమీటర్ల తోలైతే ఒకటి, ఒకటిన్నర. తర్వాత బెవెలర్ అనే ఏటవాలు స్టాంపును గీతకు ఆనించి, బయటివైపు తోలును అణుచుకుంటూ పోతాం. ఏనుగు దగ్గరి కాలు ముందుకు రావాలంటే దాని పక్కన ఉన్న దూరపు కాలి తోలును అణచాలి. ఏది ముందు, ఏది వెనక అన్నది కాగితం మీదే తేల్చుకోవాలి.

కావాల్సింది చిన్న చెక్క సుత్తి, తోలు కింద కదలని రాయి. బల్ల ఊగితే దెబ్బ బల్లకే పోతుంది. ఈ విషయంలో మనం అదృష్టవంతులం: పక్కనే కరీంనగర్ గ్రానైట్ ఉంది, రాళ్ల షాపులో పక్కన పడేసిన ముక్క చాలు.

అపోహ: చిన్న ముక్క, చిన్న పని

ఇది నాకు బేరం దగ్గర రోజూ వినిపించే మాట. చిన్న ముక్క మీద ఏం వేయాలన్నది కాదు, ఏం వదిలేయాలన్నది కష్టం. రామప్ప ఏనుగు మీది గొలుసులు, గంటలు అన్నీ రెండంగుళాల కీచైన్ మీదికి దించితే మిగిలేది గజిబిజి. నీడ చూసి గుర్తుపట్టగలిగే జంతువును ఎంచుకోండి. ఏనుగు, నంది, హంస, నెమలి అలాంటివి. దసరా ముందు పాలపిట్ట అడుగుతారు. దాని అందమంతా రెక్కల నీలంలో ఉంది, రంగు వేయకపోతే అది ఏదో ఒక పిట్ట. జింక సులువు, చుక్కలు పెట్టడానికి సీడర్ అనే సన్నని గుండ్రటి స్టాంపు చాలు. బొచ్చు ఒళ్లంతా గీయకండి. మెడ కింద, తోక చివర నాలుగు గీతలు, అవీ వెంట్రుక మొలిచే దిక్కునే.

స్టాంపుల సెట్టు గురించి ఒక్క మాట: వంద కొనొద్దు, ఆరేడుతో మొదలుపెట్టండి. లేజర్‌తో చేయొచ్చుగా అంటారా? లేజర్ మిషన్ తోలును కాల్చి తీసేస్తుంది, మనం అణుస్తాం, రెండూ వేరు. ఐదొందల కంపెనీ లోగోలు కావాలంటే నేనే లేజర్ వాళ్ల దగ్గరికి పంపిస్తా. ఇక తోలుబొమ్మలాట బొమ్మలు వేరే విద్య. వాటికి వెలుగు దూరే పలుచని తోలు కావాలి, దానికి రంధ్రాలు పొడిచి రంగులు వేస్తారు.

అపోహ: తప్పు పడితే మళ్లీ తడిపి సరిచేయొచ్చు

స్టాంపు తేలిగ్గా పడి ఉంటే తడిపి మాడలింగ్ స్పూన్ అనే నున్నటి మొన పనిముట్టుతో రుద్ది కొంత మాపొచ్చు. కత్తి గీత మాత్రం పోదు. కన్ను గుర్తు అసలే మాసిపోదు. అందుకే కొందరు కన్ను చివరికి ఉంచుతారు, నేను ముందే పెట్టేస్తా, చెడితే అక్కడే చెడుతుంది, రోజంతా వృథా కాదు. నా బండి తాళానికి వేలాడేది అలా చెడిన మెల్లకన్ను ఏనుగే.