గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టే పిల్లలకు

చిన్నూ, అమ్మలూ,

మొన్న గేటు పడితే కారులోంచి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టామని, యాభై ఎనిమిది వచ్చాయని ఫోన్లో చెప్పారు కదా, మీ లెక్క సరైందే. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ రకం బండికి మామూలుగా 58 పెట్టెలే ఉంటాయి, అన్నీ ఒకే చోట నింపుతారు, అన్నీ ఒకే చోట దింపుతారు. నేను యార్డులో ట్రైన్స్ క్లర్కుగా చేసినప్పుడూ ఇలాగే ఉండేదా అని అడిగారు. అస్సలు లేదు. ఫోన్లో మొదలుపెడితే సగంలో మీ అమ్మ హోంవర్క్ అంటుంది, అందుకే రాస్తున్నా.

అప్పట్లో ఒక్కో పెట్టె ఒక్కో ఊరిది. అనకాపల్లి బెల్లం ఒకదాన్లో, దుగ్గిరాల పసుపు ఇంకోదాన్లో, దాని పక్కనే సిమెంటు, ఆ వెనక ఎవరో కాంట్రాక్టరు తెప్పించుకున్న తాండూరు రాళ్లు. చిన్న పెట్టెలు, నాలుగే చక్రాలు, ఒక్కోటి 22 టన్నుల దాకా మోసేది. అంతకన్నా తక్కువ సరుకుంటే దాన్ని 'స్మాల్స్' అని నలుగురి మూటలూ కలిపి ఒకే పెట్టెలో వేసేవాళ్లు. మీరు బండి పరుగు చూసి ముచ్చటపడుతున్నారు గానీ, అప్పటి పెట్టె బతుకంతా ఆగడంలోనే గడిచేది, మా మాటలన్నీ దాదాపు ఆ ఆగిన చోట్ల పుట్టినవే.

ముందు వ్యాపారి గూడ్సు షెడ్డుకొచ్చి నాకు పెట్టె కావాలని 'ఇండెంటు' రాయించుకోవాలి, తన వంతు కోసం కాచుకోవాలి. పెట్టె తెచ్చి షెడ్డు దగ్గర పెట్టాక నింపడానికి ఇన్ని గంటలని గడువు. హమాలీలు రాలేదనో, బస్తాలు అందలేదనో అది దాటితే 'డెమరేజి' పడుతుంది, అంటే మా పెట్టెను ఊరికే ఆపినందుకు జరిమానా. సరుకు దింపుకున్నాక షెడ్డులోనే వదిలేసి తీసుకెళ్లకపోతే అది 'వార్ఫేజి', మా చోటు వాడుకున్నందుకు. చదువుకున్నవాళ్లు కూడా ఈ రెండూ కలిపేస్తారు, మీరు కలపకండి.

నింపి, తలుపు మూసి, సీలు వేసి, ఎక్కణ్ణుంచి ఎక్కడికో రాసిన అట్టముక్క పెట్టెకి తగిలించాక వ్యాపారి చేతికి ఆర్‌ఆర్ ఇస్తారు, రైల్వే రసీదన్నమాట. ఉత్త చీటీ అనుకునేరు. 'సెల్ఫ్' అని తన పేరనే బుక్ చేసుకుని, వెనక సంతకం పెట్టి బ్యాంకు ద్వారా పంపేవాడు. అవతలి ఊళ్లో కొనుక్కునేవాడు బ్యాంకులో డబ్బు కడితేనే ఆ కాగితం చేతికొచ్చేది, అది చూపిస్తేనే సరుకు. ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య వ్యాపారం ఆ కాగితం మీద నడిచేదిరా, నాకిప్పటికీ అది గొప్పగానే అనిపిస్తుంది.

ఇక ఆ పెట్టెను ఎవరు తీసుకెళ్లాలి? ప్రతి స్టేషన్లో ఆగి ఒకటీ అరా తగిలించుకుంటూ, వదిలిపెడుతూ పోయే షంటింగ్ గూడ్సు వచ్చి పెద్ద యార్డుకి చేరుస్తుంది. అక్కడ మీరు బస్టాండులో బస్సు మారినట్టే పెట్టె బండి మారాలి. మా పని అక్కడ. ఎండైనా వానైనా బండి పక్కన నడుస్తూ ప్రతి పెట్టె నంబరూ, అది పోవాల్సిన ఊరూ రాసుకోవడం, ఏ లైన్లోకి వెళ్లాలో దాని ఒంటి మీద సుద్దతో వేయడం. అలా తయారైన జాబితాను 'వీజీ' అనేవాళ్లం, అది లేకుండా గార్డు కదిలేవాడు కాదు.

మొఘల్‌సరాయ్ లాంటి మహా యార్డుల్లో 'హంప్' ఉండేది, అంటే పట్టాల కింద కట్టిన చిన్న మిట్ట. ఇంజను వెనకనుంచి బండిని మెల్లగా మిట్ట ఎక్కిస్తుంది, కొసన పెట్టెల్ని కలిపే కప్లింగు తీసేస్తారు, పెట్టె తన బరువుకి తనే దొర్లుకుంటూ దిగి క్యాబిన్ వాళ్లు మార్చిన లైన్లోకి పోతుంది. మిట్ట లేని చోట ఇంజనుతో ఒక తోపు తోసి వదిలేసేవాళ్లు, అది 'లూజ్ షంటింగ్'. షంటింగ్ మనిషి పక్కన పరుగెత్తుతూ చేతిబ్రేకు మీటను తొక్కిపట్టి ఆపాలి. పేలుడు సామాన్లున్న పెట్టెకి అలా తోయకూడదని వేరే లేబులు. తగిలించేటప్పుడైతే మనిషి బఫర్ల, అంటే పెట్టె చివర గుద్దుడు తట్టుకునే దిమ్మెల, కిందనుంచి దూరి రెండు పెట్టెల నడుమ నిలబడి, బరువైన గొలుసు ఎత్తి కొక్కేనికి వేసి, మరతిప్పి బిగించాలి. ఆ పని చూసినవాడెవడూ రైల్వేలో కూర్చుని తినే ఉద్యోగాలని అనడు.

పెట్టెలకి జబ్బు కూడా చేసేది! ఇరుసు పెట్టెలో నూనె తగ్గితే వేడెక్కి పొగొస్తుంది, దాన్ని 'హాట్ ఆక్సిల్' అంటారు. టీఎక్స్‌ఆర్, అంటే బండిని పరీక్షించే ఉద్యోగి, వచ్చి 'సిక్' అని రాశాడంటే ఇక దాన్ని విడదీసి సిక్ లైన్లో పెట్టాల్సిందే, లోపలున్నది బెల్లమైనా సరే.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య ఎడం, మారే చోట ఇంకో ఆలస్యం. గుంటూరు–గుంతకల్లు లైను 1990లలో వెడల్పు చేసేదాకా మీటర్ గేజే. మార్కాపురం పలకలు ఉత్తరాదికి పోవాలంటే ఎక్కడో ఒకచోట చిన్న గేజి పెట్టెలోంచి దించి పెద్ద గేజి పెట్టెలోకి ఎక్కించాలి, దీన్నే 'ట్రాన్షిప్‌మెంట్' అంటారు. పలకలు కదా, దించిన ప్రతిసారీ కొన్ని పగలకుండా ఉంటాయా?

ఇవన్నీ కలిపితే ఒక పెట్టె ఒకసారి నింపాక మళ్లీ నింపడానికి సిద్ధమయ్యేసరికి 1980–81లో సగటున 15 రోజులు పట్టేది. 1980లలో రైల్వే చిల్లర పెట్టెలు తగ్గించి, బండంతా ఒకరికే, ఒక చోటికే అనే పద్ధతికి మారింది. 2010–11 నాటికి ఆ 15 రోజులు 5 అయ్యాయి. బొగ్గుకీ సిమెంటుకీ మంచిదే. ఒక్క పెట్టె బెల్లం పంపుకునే వ్యాపారి మాత్రం లారీ వెతుక్కున్నాడు, వాడి గురించి ఎవరూ పెద్దగా బాధపడలేదు.

చివరి పెట్టె వెనక 'ఎల్‌వీ' అని బోర్డు ఎందుకని చిన్నూ అడిగాడు. లాస్ట్ వెహికల్. అది కనబడితేనే బండి మధ్యలో తెగిపోకుండా మొత్తం వచ్చిందని స్టేషన్ వాళ్లకి తెలుస్తుంది. దాన్ని చూసుకుంటూ వెనక కూర్చునే గార్డుని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు.

ఈసారి గేటు పడితే పెట్టెలు లెక్కపెట్టడం ఆపి, పక్కన రాసిన 11 అంకెల నంబరు చూడండి. మొదటి రెండూ పెట్టె రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, అయిదూ ఆరూ తయారైన సంవత్సరం. ఆ తర్వాతి నాలుగూ వరుస నంబరు. చివరిది నంబరు తప్పు రాశామా లేదా అని సరిచూసుకోవడానికి, మా రోజుల్లో ఉంటే నాకెంత పని తప్పేదో. అందరికన్నా పాత పెట్టె ఎవరికి దొరికిందో రాయండి.

మీ తాతయ్య