తుప్పుకు ధర రాదు: పాత మౌంటెన్ బైకులపై అపోహలు - వాస్తవాలు

రాయగడలో మా కొట్టు బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరాలు మాత్రం ఎక్కువగా తెలుగులోనే. పంక్చర్లు, బ్రేకులు రోజూ ఉండే పనే. వాటి మధ్యలో పార్వతీపురం నుంచో బరంపురం నుంచో ఎవరో ఒకరు పాత గేరు సైకిలు ఆటోలో వేసుకొచ్చి, "దీనికెంత వస్తాది బాబూ?" అంటారు. అడిగేసరికే వాళ్ల మనసులో ఒక అంకె ఉంటుంది. నా పని సగం ఆ అంకెను కిందికి దించడమే.

అపోహ: పాతదైతే చాలు, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: మౌంటెన్ బైకు అంత పాతకాలపు వస్తువేం కాదు. కాలిఫోర్నియాలో జో బ్రీజ్ కొండలు దిగడానికని ప్రత్యేకంగా ఫ్రేము కట్టింది 1977లో. స్పెషలైజ్డ్ కంపెనీ 1981లో స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకును 750 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అలాంటిది ఒకటి ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఈ సంగతి విన్నవాళ్లు స్టంప్‌జంపర్ అని రాసి ఉన్నదల్లా మ్యూజియం సరుకే అనుకుంటారు. ఆ పేరుతో బళ్లు ఇప్పటికీ వస్తున్నాయి మరి! ఏ ఏడాది, ఏ మోడలు, ఎంతవరకు అసలు సామాను మిగిలింది అన్నదాన్నిబట్టే ధర. మన హీరో రేంజర్ అంటారా, చిన్నప్పుడు అది తొక్కినవాడు ముచ్చటపడి కొనాలే గానీ, దాని కోసం పాత సైకిళ్లు సేకరించే ఫారినోడు రాయగడ దాకా రాడు.

అపోహ: బిల్లు లేకపోతే ఏ సంవత్సరందో చెప్పలేం.

మజ్జిగౌరమ్మ చైత్ర ఉత్సవాలప్పుడు గుణుపురం నుంచి ఒక మాస్టారు వచ్చారు. ఓడలో పనిచేసిన వాళ్ల మావయ్య సింగపూర్ నుంచి తెచ్చిన బండట. "డెబ్బై అయిదు మోడలయ్యా" అన్నారు గట్టిగా. నేనేం మాట్లాడకుండా క్రాంకు (పెడలు బిగించే చెయ్యి) వెనకవైపు కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. మట్టీ గ్రీజూ కలిసిన పెచ్చు ఊడాక రెండక్షరాలు తేలాయి: ఎన్, జీ. ఈ సామాను చేసే షిమానో కంపెనీ లెక్కలో మొదటి అక్షరం ఏడాది. 'ఏ' అక్షరం అంటే 1976, అలా లెక్కపెట్టుకుంటూ పోతే ఎన్ అంటే 1989. రెండోది నెల, జీ అంటే జూలై. "89లో చేసిన క్రాంకును మీ మావయ్య 75లోనే ఎలా తెచ్చారు మాస్టారూ?" అంటే ఆయనే నవ్వేశారు.

ఒక్క క్రాంకు చూసి తీర్పు చెప్పకూడదు, అది తర్వాత మార్చిందై ఉండొచ్చు. వెనక గేరు మీద, హబ్బుల మీద, బ్రేకుల మీద కూడా అక్షరాలు వెతకాలి. అన్నీ ఒకే ఏడాదికి అటూ ఇటూగా ఉంటే బండి చెయ్యి పడనిదే. 2002 నుంచి అక్షరాలు మళ్లీ ఏతో మొదలయ్యాయి, అదీ గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత సీటు రాడ్డు పీకి వెర్నియర్‌తో మందం కొలిచాను. 26.8 మిల్లీమీటర్లు. బయటి కొలత 28.6 ఉన్న పైపులో ఆ రాడ్డు పడుతోందంటే పైపు గోడ మిల్లీమీటరు కన్నా పల్చన, అంటే క్రోమోలీ అనే తేలికైన, గట్టి రకం మంచి స్టీలు. అదే 25.4 రాడ్డయితే గోడ 1.6 మిల్లీమీటర్లు. అది బరువైన మామూలు ఇనుము, స్టిక్కరు ఏం చెప్పినా సరే. అసలు రాడ్డు ఊడి రావడమే అదృష్టం. గోపాలపూర్ వైపు బళ్లలో ఉప్పుగాలికి అల్యూమినియం రాడ్డు స్టీలు ఫ్రేములో కరిచిపెట్టుకుని ఉంటుంది. అలాంటి వాటికి నేను ధరలో మూడోవంతు అక్కడికక్కడే కోసేస్తాను.

అపోహ: రంగు వేయిస్తే ధర పెరుగుతుంది.

ఈ తప్పు నేనే చేశాను. కొత్తలో ఒక ఫ్రేముకు స్టిక్కర్లన్నీ బ్లేడుతో గీకేసి, నిగనిగలాడే నీలం కొట్టించాను. ఆ గీకిన వాటిలో టాంగే ప్రెస్టీజ్ అనే మేలురకం పైపులని చెప్పే చిన్న స్టిక్కరు కూడా పోయింది. పాత సైకిళ్లు సేకరించే ఒకాయన విశాఖ నుంచి వచ్చి ఫ్రేము చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎంత పని చేశావు గురూ" అన్నాడు. విడి సామాన్ల ధర మాత్రం ఇచ్చి పట్టుకుపోయాడు. గీతలు పడ్డా అసలు రంగుదే విలువ. సబ్బునీళ్లతో కడిగి, మైనం రాసి వదిలేయండి. ఇంకో మాట: అల్యూమినియం ఫ్రేముకు కొత్త రంగు కనబడితే హ్యాండిలు దగ్గర అతుకుల కింద పగుళ్లు దాచారేమోనని నాకు అనుమానం.

అపోహ: నెట్‌లో ఎవరో లక్ష పెట్టారు, నాదీ లక్షే.

వాస్తవం: అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఈబేలో అమ్ముడైనవి విడిగా చూసుకోవచ్చు, అవే చూడండి. అందులోంచి పెట్టెకట్టి పంపే ఖర్చు తీసెయ్యండి.

అపోహ: ఊడదీసి అమ్మితే ఎక్కువొస్తుంది.

ఇది సగం నిజం. షిమానో వాళ్ల తొలినాటి డియోర్ ఎక్స్‌టీ గేరు మీటలు (బొటనవేలితో మార్చేవి), కుదుపులు తగ్గించే మొదటితరం రాక్‌షాక్స్ ముందు ఫోర్కు వంటివాటికి విడిగానే గిరాకీ. ఫ్రేము విరిగిన బండి అయితే అలాగే చేస్తాను. నిండుగా ఉన్నదాన్ని ఊడదీయడానికి నాకు చెయ్యి రాదు.

మాస్టారి బండికి నేను కట్టింది 18 వేలు. ఆయన అనుకుని వచ్చింది లక్షన్నర. కాసేపు సీటు మీద చెయ్యేసి నిలబడి, "పోనీ, మనవడికి తొక్కేలా చేసియ్యి" అన్నారు. 26 సైజు కొత్త టైర్లు ఎక్కించి, కేబుళ్లు మార్చాను. ఊడదీసిన పాత టైర్లు మాత్రం సంచిలో చుట్టి ఆటోలో వాళ్ల కాళ్ల దగ్గర పెట్టాను.