నీళ్లు పచ్చగా ఉన్నాయని ఏరియేటర్లు ఆపకండి

"మేడం గారూ, నీళ్లు చిలకపచ్చగా ఉన్నాయండి, ఆక్సిజన్‌కి ఢోకా లేదు కదండీ?"

భీమవరం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు.

అపోహ: పచ్చదనం ఎంత ఎక్కువైతే ఆక్సిజన్ అంత ఎక్కువ.

వాస్తవం: ఎండ ఉన్నంతసేపే. పగలు ఆక్సిజన్ వదిలే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే, కంటికి ఆనని జీవాలు; పచ్చదనం వాటిలోని నాచుదే), పొద్దుగూకాక రొయ్యతోపాటు తనూ పీల్చుకుంటుంది. రాత్రి చెరువులో ఖర్చయ్యే ఆక్సిజన్‌లో రొయ్యల వాటా కొంచెమే. ఎక్కువ లాగేసేది ప్లాంక్టనూ, అడుగు బురదలోని బాక్టీరియానూ. అందుకే నీళ్లు చిక్కబడేకొద్దీ డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మధ్యాహ్నం ఎంత పైకెక్కుతుందో తెల్లవారుజామున అంత కిందికి పడుతుంది.

ఒక రైతు మధ్యాహ్నం మూడింటికి మీటరు పెడితే లీటరుకి 12 మిల్లీగ్రాములు చూపించింది. కరెంటు బిల్లు కలిసొస్తుందని ఆ రాత్రి నాలుగు ఏరియేటర్లలో (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) మూడు ఆపేశాడు. నాలుగున్నరకి ఫోను: "రొయ్య గట్టుకొచ్చేసిందమ్మా!" నేను వెళ్లి కొలిస్తే 1.4. కనీసం 4 ఉండాల్సిన చోట. అరవై అయిదు రోజుల పంట. నెత్తిన తువ్వాలు వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఆయన్ని ఏమనగలను? మీటరు నిజమే చెప్పింది, కొలిచిన వేళే తప్పు. తెల్లవారుజామున నాలుగుకీ ఆరుకీ మధ్య కొలవండి.

మీటరు లేదా? చెయ్యి నిలువుగా నీళ్లలో ముంచండి. మణికట్టు మునగకముందే వేళ్లు కనబడకపోతే బ్లూమ్, అంటే నాచు పెరుగుదల, మితిమీరినట్టే. నలుపు తెలుపు సెచ్చి పళ్లెం ఉంటే 30-40 సెంటీమీటర్ల లోతు దాకా కనబడాలి.

రెండు మూడు రోజులు మబ్బు పట్టినా, పెద్ద వాన పడి ఉప్పదనం దిగినా బ్లూమ్ ఒక్కసారిగా చచ్చి అడుగుకు చేరొచ్చు. అది కుళ్లుతూ మిగిలిన ఆక్సిజన్ కూడా లాగేస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. "రాత్రికి రాత్రే నీళ్లు తేటపడ్డాయండీ" అని ఎవరైనా సంబరంగా చెబితే నాకు గుండె జారుతుంది.

అపోహ: నాచు ఎక్కువైతే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొడితే సరి.

షాపు దగ్గర ఎవరో చెప్పారట! నాచు ఒక్కసారిగా చచ్చే ఆ క్రాష్‌ని చేతులారా తెచ్చుకోవడమే అది. పైగా ఆల్కలినిటీ (క్షారగుణం) తక్కువున్న నీళ్లలో దానిలోని రాగి రొయ్యకే విషం. మేత తగ్గించండి, నీళ్లు కొద్దికొద్దిగా మార్చండి, రాత్రంతా ఏరియేటర్లు తిప్పండి.

అపోహ: గోధుమరంగు నీళ్లు పాడైన నీళ్లు.

కాదు. చాలాసార్లు అది డయాటమ్‌లు అనే గోధుమరంగు సూక్ష్మ నాచు, మంచి మేత. గాలివాటు మూలన తెట్టులా కట్టి, మట్టివాసన కొట్టే నీలిఆకుపచ్చ నాచుకి భయపడండి.

అపోహ: ప్లాంక్టన్ అంటే నాచే.

ఒకసారి ఒక పెద్దాయనకి మైక్రోస్కోపులో కోపిపాడ్ అనే బుల్లి జంతు ప్లాంక్టన్‌ని చూపించాను, రెండు పక్కలా గుడ్ల సంచులతో. "ఇదేంటమ్మా, పేనులా ఉంది!" అన్నాడు. ఆ పేనే నాచుని తింటుంది, దాన్ని మీ పిల్ల రొయ్య తింటుంది. బంగాళాఖాతంలో చిన్న చేపలు బతికేదీ ఇలాంటి వాటి మీదే.

సముద్రం ప్లాంక్టన్ లోకానికంతా ఆక్సిజన్ ఇస్తోంది కదా అని వాదిస్తారు కొందరు. భూమ్మీద తయారయ్యే దాంట్లో దాదాపు సగం దానిదే. కానీ అందులో దాదాపు అంతా సముద్రంలోనే ఖర్చయిపోతుంది.

అన్నట్టు, డీఓ కోసం సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకి రాకండి. దారిలోనే మారిపోతుంది. గట్టు మీదే కొలవాలి.