వాడిన మొక్కకు నీళ్లు పోసే ముందు: పెరటి తోటలో అపోహలు, వాస్తవాలు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో వంగ, టమాటా, మిరప నారు పెంచి అమ్మడం నా పని. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. మహేంద్రతనయ నది గట్టు మీది ఒడియా ఇళ్ల వారూ, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చే మన వారూ నా దగ్గర నారు తీసుకుంటారు. నెల తిరిగేసరికి అందులో సగం మంది ఏదో ఒక జబ్బు కొమ్మను పట్టుకుని మళ్లీ వస్తారు. వారు చెప్పే మాటలు రెండు భాషల్లోనూ ఒకటే. అప్పటికే ఏదో ఒకటి పోసి, ఇంకేదో చల్లి ఉంటారు. ఆకు తిప్పి చూసిన వారు మాత్రం తక్కువ. అందుకే నేను ఎక్కువగా వినే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మొక్క వాడిందంటే నీళ్లు చాలలేదు

పోయిన వైశాఖంలో మా వీధి చివరి ఇంటావిడ వంగ మొక్కను వేళ్లతో సహా పెకలించి తెచ్చారు. "రెండు పూటలా పోస్తున్నాను వదినా, పోసేకొద్దీ తల వాల్చేస్తోంది" అన్నారు. ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి, ఒక్కటీ పండలేదు. మొదలుకు కాస్త పైన కాండాన్ని కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొసను అందులో ముంచి కదలకుండా పట్టుకున్నాను. కొద్ది నిమిషాల్లో ఆ కొస నుంచి పాల చుక్క కరిగినట్టు తెల్లని సన్నని దారాలు నీటిలోకి దిగాయి.

ఇది బాక్టీరియా ఎండు తెగులు. మట్టిలోని బాక్టీరియా వేరు గాయాల్లోంచి లోపలికి పోయి, నీరు పైకి తీసుకెళ్లే గొట్టాలను జిగురుతో మూసేస్తుంది. అందుకే మీరు పోసిన నీరు ఆకుకు చేరదు. పైగా అదే నీరు పక్క పాదుల్లోకి పారి తెగులును మోసుకుపోతుంది. మన ఎర్ర నేలల్లో ఆమ్లం ఎక్కువ. వేడి, తేమ కలిసిన రోజుల్లో ఈ నేలల్లో తెగులు విజృంభిస్తుంది. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నీ దీనికి లొంగేవే. వంగ చచ్చిన మడిలో టమాటా నాటితే అదీ పోతుంది.

అయితే వాడిన ప్రతి మొక్కకూ ఇదే జబ్బు ఉండదు. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచి నిలబడితే అది ఎండ దెబ్బ, కంగారు అక్కరలేదు. కానీ వరుసగా నాలుగు రోజులు అలాగే జరిగి, ఐదో రోజు లేవకపోతే గ్లాసు పరీక్ష చేయండి. వంగలో కొమ్మ చివర ఒక్కటే వాలి, మిగతా మొక్క నిటారుగా ఉంటే లోపల కొమ్మ తొలిచే పురుగు ఉంది. కింది ఆకులు ముందు పసుపెక్కి మొక్క నెమ్మదిగా కుంగితే శిలీంధ్రం కావచ్చు, లేదా కుండీలో నీరు నిలిచి వేరు కుళ్లి ఉండవచ్చు. నీరు నిలిచి కుళ్లిన మొక్కకు ఇంకా నీరు పోస్తే చేతులారా చంపినట్టే.

తెగులు సోకిన మొక్కను బతికించే మందు లేదు. వేరు చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి కాల్చేయండి, ఎరువు గుంటలో మాత్రం వేయకండి. ఆ మడిలో రెండు మూడేళ్లు మొక్కజొన్న, బెండ, చిక్కుడు వేసుకోండి. సున్నం వేసి ఆమ్లం తగ్గించండి. తట్టుకునే రకాలూ ఉన్నాయి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్కళ్ తారిణి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క నిధి, అర్క కేశవ్ వంగ రకాలు అలాంటివే. టమాటాలో అర్క రక్షక్ ఈ తెగులుతో పాటు ఆకుముడత వైరస్‌ను, ఆకుమాడు తెగులును కూడా తట్టుకుంటుంది. నారు ధర నాలుగు రూపాయలు ఎక్కువైనా నేను వీటినే తీసుకోమంటాను.

అపోహ: పోతు పూలే వస్తున్నాయంటే అది మగ తీగ, పీకేయాలి

సొర, బీర, కాకర, గుమ్మడి తీగలను ఈ మాట మీద పీకేసిన వారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వీటిలో ఆడ పువ్వు, మగ పువ్వు ఒకే తీగకు వస్తాయి. ముందు వచ్చేవి మగవే. పది, పదిహేను రోజులు అవే కనిపిస్తాయి. ఆ తరువాత అడుగున చిన్న పిందెతో ఆడ పూలు మొదలవుతాయి. ఎండ తీవ్రత, యూరియా ఎక్కువైతే మగ పూలే ఎక్కువ కాలం వస్తాయి. పోతు పూలు తుంచేస్తే కాయలు పెరుగుతాయనే మాటా తప్పే, పుప్పొడి ఇచ్చేది అవే కదా.

పిందె పడి పసుపెక్కి రాలిపోతుంటే పుప్పొడి అందలేదని అర్థం. మేడ మీది తోటల్లో తేనెటీగలు తక్కువ కాబట్టి మీరే అందించాలి. దీనికి వేళ తెలియాలి. గుమ్మడి, కాకర తెల్లవారుజామున విచ్చుకుంటాయి. సొర, బీర సాయంత్రం పూస్తాయి. మన పక్కింటి ఒడియా ఆడపిల్లలు ఆశ్వయుజంలో జహ్ని ఓషా అనే నోము చేసుకుంటూ తులసి దగ్గర బీరపూలు పెట్టేది సంధ్యవేళే, ఆ పువ్వు విచ్చే వేళ అదే మరి. సొరకు ఉదయం పది గంటలకు పుప్పొడి అద్దామని వెళితే అప్పటికే పువ్వు ముడుచుకుపోయి ఉంటుంది. సాయంత్రం మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి ఒలిచి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాస్తే చాలు.

ఆడ, మగ తీగలు వేరుగా ఉండే కూరగాయలూ మన వైపు ఉన్నాయి. పొటల్ (పర్వల్), ఆకాకర (ఒడియాలో కాంకడ) అలాంటివి. ఆకాకరను విత్తనంతో వేస్తే దాదాపు సగం తీగలు మగవే అవుతాయి, పూత వచ్చేదాకా తేడా తెలియదు. అందుకే నిరుడు కాసిన తీగ కింది దుంపను తవ్వి నాటాలి. పొటల్‌ను తీగ ముక్కలతో వేస్తారు. ఇక్కడ జరిగే పొరపాటు ఇంకోలా ఉంటుంది. కాయ కాయని మగ తీగ ఎందుకని పూర్తిగా తీసేస్తారు, ఆ తరువాత ఆడ తీగలూ కాయవు. పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండాలి.

అపోహ: మిరపాకు ముడిచిందంటే వైరసే

ముందు ఎటు ముడిచిందో చూడండి. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే తామర పురుగులు. తెల్ల కాగితం మీద కొమ్మను తడితే సన్నటి గీతల్లాంటి పురుగులు రాలి కదులుతాయి. కిందికి ముడిచి, తిరగేసిన పడవలా మారి, తొడిమ సాగితే నల్లి. ఆకులు చిన్నవై, గుత్తులుగా, మొక్క గిడసబారితే వైరస్, దాన్ని తెల్లదోమ తెస్తుంది. మొదటి రెండూ తగ్గేవే, మూడో దానికి మొక్క తీసేయడం తప్ప దారి లేదు.

తామర పురుగుకు ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా సబ్బు కలిపి చల్లండి, నీలి జిగురు అట్టలు కట్టండి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఈ రెండింటి మధ్య కనీసం రెండు వారాలు విడవండి, నూనె, గంధకం కలిస్తే ఆకు మాడిపోతుంది. మండే ఎండలో గంధకం అసలు వద్దు.

అపోహ: వేప నూనె చల్లితే పురుగు వెంటనే చస్తుంది

చావదు. తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక పెరుగుదల ఆగుతుంది. ఫలితం కనిపించడానికి రోజులు పడుతుంది. ఎండకు దాని శక్తి తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రం చల్లాలి, వారానికోసారి మళ్లీ చల్లాలి. వంకాయ లోపల దూరిన పురుగును వేప నూనె ఏమీ చేయలేదు. కొమ్మను తొలిచేదీ అదే పురుగు కాబట్టి, వాలిన కొమ్మ చివరలను వారానికి రెండుసార్లు తుంచి కాల్చడమే అన్నింటికన్నా మేలైన మందు.

అపోహ: టమాటా కాయ అడుగు నల్లబడితే కోడిగుడ్డు పెంకులు వేయాలి

అడుగు నల్లబడేది కాయకు కాల్షియం అందకే. కానీ పెంకులోని కాల్షియం కరగడానికి నెలలు పడుతుంది, చేతితో నలిపి వేసిన ముక్కలైతే ఇంకా ఆలస్యం. పైగా చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉన్నా కాయకు చేరదు. మూడు రోజులు ఎండబెట్టి నాలుగో రోజు ముంచెత్తితే జరిగేది ఇదే. మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచి, తడి ఒకేలా ఉంచండి. కొత్త కాయలు శుభ్రంగా వస్తాయి. మన ఆమ్ల నేలకు కట్టెల పొయ్యి బూడిద బాగా పనిచేస్తుంది. అందులో సున్నమూ, పొటాషూ ఉంటాయి. మొక్కకు పిడికెడు చాలు. యూరియా వేసిన రోజే బూడిద వేయకండి, నత్రజని గాలిలో కలిసిపోతుంది.

అపోహ: పేడ ఎంత తాజాగా ఉంటే అంత బలం

పచ్చి పేడ కుళ్లేటప్పుడు వేడెక్కి లేత వేళ్లను కాలుస్తుంది. కలుపు గింజలు, వేరుపురుగు గుడ్లు కూడా దాంతో వస్తాయి. ఆరు నెలలు మాగి, చేతిలో పొడిపొడిగా రాలి, మట్టి వాసన వచ్చే గత్తమే వేయాలి.

అపోహ: మిట్టమధ్యాహ్నం నీళ్లు పోస్తే చుక్కలు భూతద్దంలా ఆకును కాలుస్తాయి

హంగేరీ శాస్త్రవేత్తలు 2010లో దీన్ని పరీక్షించి చూశారు. నునుపైన ఆకుల మీద చుక్కలు కాల్చవని తేలింది. మధ్యాహ్నం పోస్తే నష్టం వేరే విధంగా ఉంటుంది: నీరు ఆవిరైపోతుంది, ఎండలో పడి ఉన్న గొట్టంలోని మొదటి నీరు మరిగినట్టు ఉంటుంది. పొద్దున్నే పోయండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లు వస్తాయి.

అపోహ: ఏ కాయ విత్తనమైనా దాచుకుంటే అదే కాయ వస్తుంది

సంకర (హైబ్రిడ్) రకం నుంచి తీసిన విత్తనం తల్లిలా రాదు, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. నాటు టమాటా, నాటు వంగ అయితే దాచుకోవచ్చు. గుమ్మడి, సొర తీగలు పక్కింటి తీగతో కలిసిపోతాయి కాబట్టి విత్తనానికి ఉంచే ఆడ పువ్వును విచ్చే ముందే దారంతో కట్టి, చేత్తో పుప్పొడి అద్ది, మళ్లీ కట్టాలి. టమాటా గింజలను గుజ్జుతో సహా రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టి, పొడి బూడిద కలిపి సీసాలో పెట్టండి. సీసా మీద రకం పేరు, నెల రాయండి. వానాకాలం నారుకు, జూన్ మధ్యలో ఒడియా వారు చేసుకునే రజ పండుగ మూడు రోజులూ దాటాక ఆ సీసా తీయండి.