ఎర్ర బటన్ లేని స్టార్టరు

చీపురుపల్లి దగ్గర నా దగ్గర చదువుకున్న కుర్రాడికి 24 ఏళ్లు. కడుపులో ఎడమవైపు బరువుగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు రెండు లక్షలు దాటాయి. విశాఖలో సీఎంఎల్ అని తేల్చారు. ఎముక మజ్జలో పుట్టే రక్త క్యాన్సర్ అది. "రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు మాస్టారూ. మాత్రతో క్యాన్సర్ ఆగుతుందా?" అని అడిగాడు.

చాలామందిలో ఆగుతుంది. జీవశాస్త్రంలో నాకు ఇంతకన్నా ఇష్టమైన పాఠం లేదు.

పొలంలో మోటారు స్టార్టరు చూశారు కదా. పచ్చ బటన్ నొక్కితే ఆడుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. మన 9వ క్రోమోజోమ్ మీది ఏబీఎల్ జన్యువు తయారుచేసే ప్రోటీను అలాంటి స్టార్టరే. ఒక్కోసారి మజ్జలో ఒకే ఒక్క కణంలో 9, 22 క్రోమోజోమ్‌ల కొసలు తెగి, ఒకదానిది మరొకదానికి అతుక్కుంటాయి. 22వది పొట్టిగా ఉండటాన్ని 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. ముక్కలు తారుమారయ్యాయని 1973లో జానెట్ రౌలీ కనిపెట్టారు. ఆ అతుకులో ఏబీఎల్ స్టార్టరు ఎర్ర బటన్ పోతుంది. 22వ క్రోమోజోమ్ నుంచి కొత్తగా తగిలిన బీసీఆర్ అనే జన్యువు ముక్క ఇలాంటి స్టార్టర్లను నాలుగేసి చొప్పున గుంపు చేస్తుంది. ఒకదాని పచ్చ బటన్‌ను మరొకటి నొక్కుతూనే ఉంటుంది. రాత్రీ పగలూ మోటారు ఆగదు, తెల్లకణాలు పుడుతూనే ఉంటాయి, చేను మునిగిపోతుంది.

ఈ స్టార్టరుకు కరెంటు ఏటీపీ అనే అణువు. అది కూర్చునే గుంటలో మా కుర్రాడి మాత్రలోని మందు, ఇమాటినిబ్, బిరడాలా బిగుసుకుంటుంది. బటన్ నొక్కే ఉంటుంది, కరెంటే అందదు. 2001లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చింది. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు దీన్ని తయారుచేసిన నోవార్టిస్ కంపెనీకి పేటెంటు నిరాకరించాక, మన కంపెనీలు చవకగా అమ్మడానికి అడ్డు లేకపోయింది.

బిరడా మాత్రం రోజూ పెట్టాల్సిందే. రక్తంలో మందు దాదాపు 18 గంటల్లో సగమైపోతుంది. మాత్రలు మానుతూ ఉంటే మోటారు మళ్లీ ఆడుతుంది. పుట్టే కొత్త కణాల్లో కొన్నింటికి గుంట ఆకారమే మారిపోవచ్చు. ఆ ప్రోటీను గొలుసులో 315వ చోట త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ అనేది వస్తే ఇమాటినిబ్ అందులో పట్టదు, వేరే మందు వెతకాలి. మూడేసి నెలలకోసారి, ఈ అతుకు రక్తంలో ఇంకా ఎంత ఉందో చూసే పీసీఆర్ పరీక్ష చేయించమనేది అందుకే.

మా కుర్రాడు రెండో నెలలోనే "బాగానే ఉన్నాను కదా" అని మానేయబోయాడు. అసలు టెన్షన్ వేరే. చెల్లెలి సంబంధాలు చెడిపోతాయని ఇంట్లో చెప్పకుండా మాత్రలు బ్యాగులో దాచాడు. ఆ మార్పు అతని మజ్జలో పుట్టిందే, చెల్లెలికీ రాదు, రేపు పుట్టబోయే పిల్లలకీ రాదు అని బొమ్మలు గీసి చెప్పాను. దిష్టి కాదు, ఎవరి పాపమూ కాదు. అమ్మకు చెప్పమన్నాను.

చెప్పాడు. ఆవిడ ఏడ్చింది, తాయెత్తు కట్టించింది. తాయెత్తు ఉండనీండమ్మా, మాత్ర మాత్రం ఆపొద్దన్నాను. ఇప్పుడు రాత్రి అన్నం కాగానే పెద్ద గ్లాసుడు నీళ్లు ఆవిడే తెచ్చి, మింగేదాకా పక్కనే నిలబడుతోంది.