నగరాల చలి, వేడి: అక్షాంశం చెప్పని సంగతులు

పిల్లలు విదేశాలకు చదువుకో ఉద్యోగానికో బయలుదేరుతుంటే, వాతావరణ రంగంలో ఉన్న నన్ను తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న "అక్కడ చలి ఎంత?" అని. ఆ ప్రశ్న వెనుక కొన్ని గట్టి అపోహలుంటాయి.

అపోహ: ఒకే అక్షాంశం మీదున్న నగరాల్లో చలి ఒకేలా ఉంటుంది, సముద్రం పక్కనుంటే తగ్గుతుంది.

వాస్తవం: మాడ్రిడ్, న్యూయార్క్, బీజింగ్ మూడూ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర్లోనే ఉన్నాయి. జనవరి సగటు మాడ్రిడ్‌లో సుమారు 6 డిగ్రీల సెల్సియస్, న్యూయార్క్‌లో సున్నాకు కాస్త పైన, బీజింగ్‌లో సున్నాకు దాదాపు 3 డిగ్రీల కింద. బీజింగ్‌ను వణికించేవి సైబీరియా పొడిగాలులు. న్యూయార్క్ సంగతే చాలామందికి మింగుడుపడదు. అది అట్లాంటిక్ ఒడ్డునే ఉంది, కానీ చలికాలంలో అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి, చల్లబడిన ఖండం మీదుగా వీస్తుంది. సముద్రమేమో తూర్పున ఉంది. అదే అట్లాంటిక్ లండన్‌కు పడమటి వైపున ఉండటంతో గాలి నీటి వెచ్చదనాన్ని మోసుకొస్తుంది. న్యూయార్క్ కన్నా పది డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉన్నా లండన్ జనవరి సగటు 5 డిగ్రీల పైనే. జులైలో లెక్క తిరగబడుతుంది: న్యూయార్క్ సగటు 25ను తాకితే లండన్ సుమారు 19 దగ్గర ఆగుతుంది. ఏ నగరం గురించైనా సముద్రం ఎంత దూరమని అడిగేముందు గాలి ఎటు నుంచి వీస్తుందో అడగాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: భూమధ్యరేఖ దగ్గరి నగరాల్లోనే ఎండ అన్నిటికన్నా తీవ్రం.

వాస్తవం: సింగపూర్‌లో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. లండన్‌లోని హీత్రూలో 2022 జులై 19న 40.2 నమోదైంది! అది ఒక్క రోజు రికార్డు మాత్రమే, వాతావరణాన్ని పోల్చడానికి మేం చూసేది ముప్పై ఏళ్ల సగటు. ఆ సగటులో సింగపూర్ అత్యంత వెచ్చని నెలకూ అత్యంత చల్లని నెలకూ తేడా సుమారు 2 డిగ్రీలే. చుట్టూ నీరు, మబ్బులు, తరచూ వాన ఎండను అదుపులో ఉంచుతాయి. అక్కడ మనిషిని నీరసపరిచేవి తేమ, చల్లబడని రాత్రులు. కొలంబియా రాజధాని బొగోటా కూడా భూమధ్యరేఖకు దగ్గరే, కానీ 2,600 మీటర్ల ఎత్తున ఉండటంతో ఏడాదంతా స్వెటర్ పనిపడుతుంది.

అపోహ: భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు వేసవి వస్తుంది.

వాస్తవం: దగ్గరయ్యేది జనవరి మొదట్లో. రుతువులకు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం.

అపోహ: ఉత్తరార్ధగోళమంతటా జులైలోనే నడివేసవి.

వాస్తవం: హైదరాబాద్‌లో మే నెలే మండుతుంది, జులైకి రుతుపవనాలు చల్లబరుస్తాయి. టోక్యోలో ఆగస్టు, శాన్ ఫ్రాన్సిస్కోలో సెప్టెంబరు వేడి. అక్కడి తీరం వెంట లోతు నుంచి చల్లని నీరు పైకి ఉబుకుతుంది, దాంతో వేసవిలో పొగమంచు కమ్ముతుంది. జులైలో వెళ్లేవారు జాకెట్ తప్పక తీసుకెళ్లాలి.

అపోహ: వార్షిక సగటు చూస్తే చాలు.

వాస్తవం: బీజింగ్, శాన్ ఫ్రాన్సిస్కో వార్షిక సగటులు రెండూ 13-14 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటాయి. ఒకచోట మంచు గడ్డకడుతుంది, రెండోచోట మంచు పడటమే అరుదు. బట్టలు సర్దేముందు జనవరి కనిష్ఠం, జులై గరిష్ఠం విడివిడిగా చూడండి. సిడ్నీకైతే ఈ రెండు నెలలూ తారుమారు.