1962 చైనా యుద్ధం: తరగతిలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు పిల్లలకు చరిత్ర చెప్పే మాకు ఏటా ఎదురయ్యే పాఠం ఇది. పోరు నడిచింది నెల రోజులే. 1962 అక్టోబరు 20 తెల్లవారుజామున మొదలైంది, నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించడంతో ఆగింది. మధ్యలో దాదాపు మూడు వారాలు పెద్ద పోరాటమే లేదు. అయినా దాని మీద వాదన అరవై ఏళ్లు దాటినా తెగలేదు.

అపోహ: సరిహద్దు గీత స్పష్టంగా ఉంది, చైనా దాన్ని దాటింది, అంతే.

పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. తూర్పున ఉన్న మెక్‌మహన్ రేఖ 1914లో బ్రిటిష్ ఇండియా, టిబెట్ ప్రతినిధుల మధ్య కుదిరింది. చైనా ఒప్పుకోలేదు. దాన్ని గీసిన పటంలో అంగుళానికి ఎనిమిది మైళ్లు. పిల్లల చేత స్కేలు పట్టించి లెక్క వేయించండి: ఆ పటం మీద ఒక మిల్లీమీటరు మందం గీత నేల మీద సుమారు అర కిలోమీటరు వెడల్పు అవుతుంది. గీత కింద ఒక వాగు, ఒక కొండ దాగిపోవచ్చు. తూర్పు సరిహద్దులోని తగ్ లా కొండ దగ్గర చిక్కు ఇదే. పటం మీది గీత ఆ కొండకు దక్షిణంగా పోతుంది. నీళ్లు అటూ ఇటూ విడిపోయే ఎత్తైన గట్టే హద్దు కాబట్టి కొండ శిఖరమే సరిహద్దు అన్నది భారత్ వాదన. 1962 జూన్‌లో పెట్టిన ధోలా చౌకీ ఈ రెండింటి మధ్య పడింది. సెప్టెంబరు 8న చైనా సైన్యం దిగింది అక్కడికే. పడమట లడఖ్‌లోనైతే ఇరుపక్షాలూ ఒప్పుకున్న గీతే లేదు.

పిల్లలకు ఇది అర్థం కాకపోతే కొటియా గుర్తు చేయండి. కొరాపుట్, సాలూరు మధ్య ఉన్న ఆ ఊళ్లు ఒడిశావా ఆంధ్రావా అన్నది ఈనాటికీ తేలలేదు. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్లున్నాయి. ఒకే దేశంలోనే ఇంత చిక్కు.

అపోహ: తప్పంతా ఒకరిదే.

కథ ఏ తేదీ నుంచి మొదలుపెడతారో చూడండి, తీర్పు అక్కడే సగం తేలిపోతుంది. అక్టోబరు 20 నుంచి మొదలుపెడితే చైనా దాడి తప్ప ఇంకేమీ కనిపించదు. 1961 నవంబరు నుంచి మొదలుపెడితే వివాదాస్పద నేలలో చిన్న చిన్న చౌకీలు ముందుకు జరిపిన భారత ఫార్వర్డ్ పాలసీ కనిపిస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే 1957 నాటికి అక్సాయ్ చిన్ మీదుగా చైనా వేసిన రోడ్డు, 1959లో దలైలామా రాక, సరిహద్దులోని లాంగ్జూ, కొంగ్కా లా దగ్గర కాల్పులు. బ్రిటిష్ జర్నలిస్టు నెవిల్ మాక్స్‌వెల్ ఫార్వర్డ్ పాలసీనే తప్పుపట్టాడు. వాదన తేలకపోయినా, భారత్ సిద్ధంగా లేని సైన్యాన్ని ముందుకు తోయడం, చైనా సిద్ధమై ఉన్న సైన్యంతో దాడి చేయడం రెండూ నిజాలే. పిల్లాడు సమాధానంలో రెండూ రాయాలి.

అపోహ: మనవాళ్లు పోరాడకుండానే వచ్చేశారు.

ఈ మాట వింటే మాకు నిజంగా బాధేస్తుంది. నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా కనుమలో 13 కుమావూన్ పటాలానికి చెందిన సుమారు 120 మందిలో వంద మందికి పైగా నేలకొరిగారు. వారి నాయకుడు మేజర్ షైతాన్ సింగ్. మంచు కరిగాక ఆయుధం పట్టుకున్నట్టే గడ్డకట్టిన శరీరాలు దొరికాయి. మరోవైపు తగ్ లా కింది నమ్కా చూ లోయలో చలిబట్టలు, తూటాలు చాలలేదు. విమానం జారవిడిచిన సరుకు చాలా భాగం లోయల్లో పడిపోయింది. రక్షణ శాఖ లెక్క ప్రకారం 1,383 మంది మరణించారు, 1,696 మంది గల్లంతయ్యారు.

అపోహ: విమానాలు దింపి ఉంటే గెలిచేవాళ్లం.

విమానాలు అసలు వాడలేదనడం తప్పు. ఏఎన్-12 రవాణా విమానాలు ఏఎంఎక్స్-13 ట్యాంకులను లడఖ్‌లోని చుషూల్‌కు చేర్చాయి. వాడనిది బాంబులు వేసే విమానాలను. చైనా తిరిగి కలకత్తా మీద వేస్తుందన్న భయం ఒక కారణం. దాన్ని కాదనేవారి లెక్క ఇది: టిబెట్‌లోని విమాన స్థావరాలు చాలా ఎత్తున ఉన్నాయి, గాలి పలచన, ఎగిరేటప్పుడు విమానం పూర్తి ఇంధనం, బాంబులు మోయలేదు. మన విమాన స్థావరం ఉన్న అస్సాంలోని తేజ్‌పూర్ మాత్రం సముద్ర మట్టానికి కొద్ది ఎత్తులోనే ఉంది. ఈ లెక్క గట్టిదే. కానీ అడవిలో, ఇరుకు లోయల్లో సైనికుల గుంపులను పైనుంచి వెతికి కొట్టగలిగేవారా అన్నది వేరే ప్రశ్న. ‘గెలిచేవాళ్లం’ అన్నది ఊహ, వాస్తవం కాదు.

అపోహ: చైనా పట్టుకున్నదంతా ఉంచుకుంది.

లేదు. తూర్పున మెక్‌మహన్ రేఖకు ఉత్తరానికి వెళ్లిపోయింది. అక్సాయ్ చిన్, సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు, ఇప్పటికీ దాని చేతిలోనే ఉంది.

అపోహ: ఓడిపోయాకే మిగ్ యుద్ధ విమానాలు, కొరాపుట్ జిల్లా సునాబెడలో వాటి ఇంజన్ల ఫ్యాక్టరీ ఆలోచన వచ్చింది.

సోవియట్ యూనియన్‌తో మిగ్-21 బేరం యుద్ధానికి ముందు 1962 వేసవిలోనే నడిచింది, అమెరికా, బ్రిటన్ వద్దన్నాయి. యుద్ధం దాన్ని తొందరపెట్టింది. విమానం నాసిక్‌లో, ఇంజను సునాబెడలో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో తయారయ్యేలా ఏర్పాటు చేశారు.

చివరగా పోటీ పరీక్షల పిల్లలు తరచూ తప్పే ఒక విషయం. మొదటి ఎమర్జెన్సీ 1975ది కాదు. 1962 అక్టోబరు 26న పెట్టి 1968 జనవరి 10న ఎత్తేశారు. ఆ కాలంలో 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి, 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయకూడదు. అంటే 24 పాళ్లలో 14 మాత్రమే బంగారం. పిల్లలను ఊళ్లోని పాత కంసాలి ఇళ్లకు పంపి, ఆ రోజుల్లో కొలిమి దగ్గర పని ఏమైందో అడిగి రాసుకురమ్మనండి.